ఇంగ్లండు ఎన్నికలు – మన పల్లె కార్యకర్త

నేను తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెలలో చిరకాలముగా ఒక రాజకీయ పక్షమునకు కార్యకర్తగా పనిచేయుచున్నవాడను. పదవుల నెరుగను. వేదికల నెక్కి ఉపన్యసించు అలవాటును తక్కువ. ఓటర్ల జాబితా చేతబట్టుకొని గడపగడపకును పోవుట, ముసలివారిని పోలింగు కేంద్రమునకు తోడుకొనిపోవుట, ఓట్ల లెక్కింపునాడు బల్లయొద్ద కూర్చుండి అంకెలు వ్రాసికొనుట, ఇవి నా పనులు. నా పక్షమేదియో ఇచ్చట చెప్పబోను. ఇప్పుడు చెప్పదలచిన విషయమునకు దానితో పనిలేదు.

రచ్చబండకడ కూర్చుండినప్పుడు పెద్దలు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “నాయనా, ఈ ఓట్లు, ఈ పార్లమెంటు, అన్నియు తెల్లదొరలు మనకు నేర్పిపోయినవే గదా. వారి దేశమునగూడ ఓటునకు డబ్బు పంచుదురా? సారాయి పోయుదురా?” అని వారడుగుదురు. అడిగినవారిలో కొందరు తామే ఉత్తరమునుగూడ చెప్పుకొందురు. “వారు నీతిమంతులు, చదువుకొన్నవారు. వారికి ఎన్నికలు అమరినవి. మనకు ఇవి సరిపడవు” అని నిట్టూర్చుదురు.

ఈ నిట్టూర్పు నాకు సమ్మతము కాదు. ఇంగ్లండు ఎన్నికల చరిత్రను చదివినకొలదియు నాకు స్పష్టమైన సంగతి యిది. ఓటును కొనుటయు అమ్ముటయు ఒకప్పుడు ఆ దేశమున పట్టపగలు సంతలో సాగినట్లు సాగెను. అది తగ్గినది వారి రక్తమునందలి నీతివలన కాదు. కొన్ని కట్టుబాట్లవలన తగ్గినది. ఆ కట్టుబాట్లలోనుండియే నావంటి జీతములేని కార్యకర్తయు పుట్టినాడు. ఈ రెండు సంగతులను మీకు విన్నవించి, వానిలో మన పల్లెలు గ్రహింపదగిన దేదో, గ్రహింపరాని దేదో నాకు తోచినంతవరకు చెప్పుదును.

ముందుగా ఆ దేశపు ఎన్నికలకును మన జిల్లాకును గల చుట్టరికమును జ్ఞాపకము చేయుదును. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడెను. అప్పుడది మద్రాసు రాజధానిలోని భాగము. బ్రిటిషు పార్లమెంటు 1919లో చేసిన చట్టము ననుసరించి 1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగెను. ఆస్తియు పన్నును గల కొద్దిమందికే నాడు ఓటు. 1937 ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య పెరిగినను, కూలివానికి, పేదవానికి చోటు దొరకలేదు. ఆ ఎన్నికలలో మద్రాసు రాజధానియందు ఓట్ల పెట్టెలకు వేరువేరు రంగులుండెను. కాంగ్రెసువారిది పసుపుపచ్చ పెట్టె. అక్షరము రానివాడును రంగును గుర్తుపట్టును గదా. మీ తాతలలో ఓటు గలిగినవారు ఆ పెట్టెల యెదుటనే నిలిచియుందురు.

మన జిల్లావారు ఇంగ్లండు ఎన్నికలను దూరమునుండి చూచుటయే గాదు, అందు పాల్గొనిరి కూడ. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదువుకొనునప్పుడు అచ్చటి విద్యార్థి సంఘమునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. భారతీయులలో ఆ గౌరవము పొందిన మొదటివారు వారే. 1906లో బ్రిటనులో పార్లమెంటు ఎన్నికలు వచ్చినప్పుడు లిబరలు పక్షమును బలపరచి ప్రసంగములు చేసిరి. ఆ పక్షము నాడు ఘనవిజయము పొందెను. స్వదేశమునకు వచ్చిన తరువాత, 1923 నవంబరులో, మద్రాసు శాసనమండలిలో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును తెచ్చినవారును రెడ్డిగారే. ఆ తీర్మానము వీగిపోయెను. అయినను, మంత్రులు సభకు జవాబుదారులను ఇంగ్లండు పద్ధతిని ఈ దేశమున మొట్టమొదట పరీక్షకు పెట్టినవాడు మన కట్టమంచివాడని చెప్పుకొనవచ్చును.

రెండవవారు తిరుచానూరున 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో తిరుపతినుండి లోకసభకు వెళ్లి, 1956లో స్పీకరై 1962 వరకు ఆ పీఠమున నుండిరి. స్పీకరు పీఠమును మనము ఇంగ్లండు నుండియే తెచ్చుకొంటిమి. కాని అచ్చట ఒక ఆచారము కలదు. స్పీకరైనవాడు తన పక్షమును పూర్తిగా విడిచిపెట్టును. తరువాతి ఎన్నికలలో ఏ పక్షపు గుర్తును లేక, స్పీకరుగనే నిలుచును. పెద్ద పక్షములు సాధారణముగా అతనిపై పోటీ పెట్టవు. మన దేశమున అట్లు జరుగలేదు. 1957లో అయ్యంగారు చిత్తూరునుండి మరల కాంగ్రెసు అభ్యర్థిగనే నిలిచి గెలువవలసివచ్చెను. అది వారి లోపము కాదు. పీట మనకు వచ్చెను గాని పీటతోడి ఆచారము రాలేదు. ఈ మాటను మీరు మనసున నుంచుకొనుడు. చట్టము వేరు, దానిని నిలబెట్టు ఆచారము వేరు. ఎన్నికల విషయమునను ఇదే భేదమును ముందు చూడగలము.

ఇక పూర్వపు ఇంగ్లండు సంగతి. 1832కు ముందు ఓల్డు సేరం అను పాడుపడిన దిబ్బకు పార్లమెంటులో ఇద్దరు సభ్యులుండిరి. అచ్చట ఊరు లేదు, జనము లేరు. పట్టుమని పన్నెండుమంది ఓటర్లుకూడ లేరు. భూమి యెవనిదో వాడు చెప్పినవాడే సభ్యుడు. డనిచ్ అను మరియొక ఊరు చాలవరకు సముద్రములో కలిసిపోయినను దానికిని ఇద్దరు సభ్యులు. అదే కాలమున వేలకు వేలు కార్మికులు నివసించు మాంచెస్టరు, బర్మింగుహాము పట్టణములకు ఒక్క సభ్యుడును లేడు. ఇట్టి ఊళ్లను ‘కుళ్లిన ఊళ్లు’ అని వారే పేరుపెట్టిరి.

ఓటు వేయు విధము ఇంకను వింత. ఊరినడుమ కట్టిన చెక్కవేదిక నెక్కి, అందరు వినుచుండగా, తాను ఎవరికి ఓటు వేయుచున్నాడో ఓటరు బిగ్గరగా చెప్పవలెను. గుమస్తా దానిని పుస్తకమున వ్రాసికొనును. ఆ పుస్తకములను అచ్చువేసి అమ్ముచుండిరి. భూస్వామి ఆ పుస్తకమును తెరచి చూచి, తనకు వేయని కౌలుదారును భూమినుండి తొలగించుటయు కలదు. డబ్బిచ్చినవాడు తన డబ్బు పనిచేసినదో లేదో కన్నులార చూచుకొనుచుండెను. ఎన్నిక ముగియువరకు సారాయి అంగళ్లలో అభ్యర్థి లెక్కన త్రాగువారికి అడ్డు లేకుండెను. పెద్దలారా, ఇది మన పల్లెల కథవలె లేదా? కాని ఇది నీతిమంతులని మనము నిట్టూర్చు దేశపు కథ.

ఆ వ్యాధికి వారు మూడు మందులు వాడిరి. మూడింటికిని నడుమ ఏబది సంవత్సరములు పట్టెను.

మొదటిది 1832 నాటి సంస్కరణ చట్టము. అది 56 కుళ్లిన ఊళ్ల ప్రాతినిధ్యమును తీసివేసి, మాంచెస్టరు, బర్మింగుహాము మొదలగు పట్టణములకు సభ్యుల నిచ్చెను. ఓటర్లు కొంత పెరిగిరి. కాని ఓటర్లు పెరిగినకొలది కొనవలసినవారును పెరిగిరి. లంచము తగ్గలేదు.

రెండవది 1872 నాటి రహస్య ఓటు చట్టము. దీనికి నాడు పెద్దపెద్దవారే అడ్డువచ్చిరి. మగవాడైనవాడు తన ఓటును దాచుకొనుట పిరికితనమనిరి. జాన్ స్టూవర్టు మిల్లు అను గొప్ప తత్త్వవేత్తగూడ రహస్య ఓటును వ్యతిరేకించెను. అప్పటికే ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1856 నుండి ఆ పద్ధతి సాగుచుండెను. అనగా దొర దేశము తన వలసనుండి పాఠము నేర్చుకొనెనన్నమాట. 1872 ఆగస్టు 15వ తేదీన పాంటిఫ్రాక్టు అను ఊర జరిగిన ఉపఎన్నికలో బ్రిటను పార్లమెంటు ఎన్నికకు మొదటిసారి రహస్యముగ ఓటు వేసిరి. ఆ ఊరు అతిమధురపు బిళ్లలకు ప్రసిద్ధి. ఓట్ల పెట్టెకు వేసిన లక్కముద్రగూడ ఆ బిళ్లలు చేయు కర్మాగారపు ముద్రయేనట. ఆగస్టు 15 మనకు వేరొక కారణమున పండుగదినము. కాని రహస్య ఓటునకును అది జన్మదినమువంటిదే.

రహస్య ఓటు వచ్చినను లంచము చావలేదు. 1880 ఎన్నికలలో డబ్బు నీళ్లవలె పారెను. శాండ్విచ్, మాకిల్స్‌ఫీల్డు అను రెండు ఊళ్లలో ఓటర్లు ఎంత విచ్చలవిడిగా డబ్బు తీసికొనిరనగా, విచారణసంఘములు జరిగిన పిదప, 1885లో ఆ రెండు ఊళ్లకును ప్రత్యేక సభ్యుని పంపు హక్కే తీసివేయబడెను. ఇచ్చినవానిని మాత్రమే గాక పుచ్చుకొన్న ఊరినిగూడ శిక్షించిరి.

మూడవది 1883 నాటి అవినీతి నివారణ చట్టము. నా దృష్టిలో మూడింటిలో ముఖ్యమైనది ఇదియే. సర్ హెన్రీ జేమ్సు అను న్యాయాధికారి గ్లాడ్‌స్టను మంత్రివర్గము తరఫున దానిని తెచ్చెను. ఓటర్ల సంఖ్యనుబట్టి ఒక్కొక్క అభ్యర్థి ఇంతకు మించి ఖర్చుపెట్టరాదని మితి ఏర్పడెను. ప్రతి పైసయు ఒక్క ఏజెంటు చేతిమీదుగనే పోవలెను. లెక్క దాఖలు చేయవలెను. సారాయి అమ్ము చోట ఎన్నికల కార్యాలయము పెట్టరాదు. ఓటర్లను తెచ్చుటకు బండ్లను అద్దెకు తీసికొనరాదు. కూలికి పెట్టుకొను పనివాండ్ర సంఖ్యకు మితి. ఏజెంటు తప్పుచేసినను అభ్యర్థి గెలుపు రద్దగును.

ఈ చట్టమును రెండు పక్షములును ఒప్పుకొనుటకు కారణము గమనింపదగినది. లంచమిచ్చువారే విసిగిపోయియుండిరి. రహస్య ఓటు వచ్చిన తరువాత, డబ్బు తీసికొన్నవాడు ఎవరికి వేసెనో తెలియదు. అయినను ఇయ్యక తప్పదు. ఏలయన, ఎదుటివాడిచ్చును, తానియ్యకున్న ఓడునని భయము. ఇద్దరును అప్పులపాలై, ఇద్దరును మానలేక యుండిరి. ‘మన యిద్దరిని కట్టివేయు చట్టమొకటి యుండిన మేలు’ అని తలచు స్థితికి వచ్చిరి. తరువాతి ఎన్నికలలో ఖర్చు బాగుగా తగ్గెను.

ఇప్పుడు నా స్వంత కులగోత్రముల మాట, అనగా కార్యకర్త కులగోత్రముల మాట. కూలిమనుషులకు మితి పెట్టగనే ఒక చిక్కు వచ్చెను. పని మాత్రము తగ్గలేదు. ఓటర్లు వేలకు వేలు పెరిగిరి. వారి యిండ్లకు ఎవరు పోవలెను? జీతము లేక, ఇష్టముచేత పనిచేయువారు కావలసివచ్చిరి. అందుచేత పక్షములు ఊరూర సంఘములు పెట్టుకొనెను. అదే 1883లో కన్సర్వేటివు పక్షమువారు ‘ప్రిమ్‌రోజు లీగు’ అను సంఘమును స్థాపించిరి. అందు స్త్రీలు అనేకులు చేరి గడపగడపకు తిరిగిరి. వారికి నాడు ఓటు లేదు. 1918లో 30 ఏండ్లు నిండి కొంత ఆస్తి యర్హత గల స్త్రీలకు, 1928లో పురుషులతో సమముగ స్త్రీలందరికిని ఓటు వచ్చెను. తమకు లేని ఓటును ఇతరులచే వేయించుటకు కాళ్లరుగ తిరిగినవారు ఆ స్త్రీలు. డబ్బునకు గట్టు వేయుటవలననే స్వచ్ఛంద కార్యకర్త మొలకెత్తినాడు. ఈ సంగతి నా మనసున గాఢముగా నాటుకొన్నది. గట్టు తెగినచోట మరల వాడు ఎండిపోవును.

ఈనాడు అచ్చట ఎన్నికల పని యెట్లు సాగునో కొంత చెప్పుదును. నేను ఆ దేశమును చూచినవాడను కాను. పుత్తూరు ప్రక్కనుండి పోయి అచ్చట ఉద్యోగము చేయుచున్న మా బంధువుల పిల్లవాడు చెప్పిన మాటలును, చదివిన మాటలును నాకు ఆధారములు. భారతదేశపు పౌరుడు బ్రిటనులో నియమప్రకారము నివసించుచు పేరు నమోదు చేసికొన్నచో, వారి పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేయవచ్చును. కామన్వెల్తు దేశములవారికి ఆ హక్కు కలదు. ఆ పిల్లవాడు 2024లో ఓటు వేయుటయే గాక సాయంకాలములందు ఒక పక్షమువారితో కలిసి వీధులు తిరిగెను.

నలుగురైదుగురు కలిసి వానలోనైనను జాబితా పట్టుకొని పోవుదురు. తలుపు తట్టి, తమ పక్షము పేరు చెప్పి, “ఈసారి మీ ఓటు ఎవరికి?” అని మర్యాదగా అడుగుదురు. చెప్పినది గుర్తువేసికొందురు. “మీకు వేయను” అన్నచో వందనము చెప్పి పక్కయింటికి పోవుదురు. వాదించుచు కాలము గడపరు. తలుపున ఉత్తరములు వేయు సందు ఉండును. అందులో కరపత్రమును త్రోయునప్పుడు లోపలి కుక్క వ్రేళ్లు కరచుననే భయముతో, కార్యకర్తలు వంటింటి చెక్కగరిటె నొకదానిని వెంట తీసికొనిపోయి దానితో త్రోయుదురట. మన ప్రచార సామగ్రిలో లేని ఆయుధ మిది!

పోలింగునాడు ఆయా పక్షముల స్వచ్ఛందసేవకులు రంగు రిబ్బను పువ్వును రొమ్మున తగిలించుకొని కేంద్రము వెలుపల ఒకరి ప్రక్క నొకరు కూర్చుండి, ఓటు వేసి వచ్చినవారి జాబితా సంఖ్యను అడిగి వ్రాసికొందురు. తమకు వేసెదమని చెప్పినవారిలో ఇంకను రానివారి యిండ్లకు సాయంకాలము పోయి జ్ఞాపకము చేయుదురు. ఎన్నిక గురువారమున జరుగుట ఆచారము. ఉదయము 7 మొదలు రాత్రి 10 వరకు పోలింగు. పెన్సిలుతో కాగితముపై గుణకారపు గుర్తు పెట్టుదురు. బడులు, చర్చిలే గాక కొన్నిచోట్ల సారాయంగడియే పోలింగు కేంద్రమగును. మన దేశమున పోలింగు ముగియుటకు 48 గంటల ముందే అంగళ్లు మూయింతుము. ఎన్నికల కార్యాలయమునకు సారాయంగడి పనికిరాదని ఒకప్పుడు చట్టము చేసికొన్న వారే, అందు ఓటు వేయించుటకు జంకని స్థితికి వచ్చిరి. రోగము తగ్గిన గుర్తు ఇది.

ఆ రాత్రియే లెక్కింపు. 2024 జూలై 4న పోలింగు జరిగెను. 5వ తేదీన రిషి సునాక్‌గారు రాజీనామా ఇయ్యగా, లేబరు పక్షనాయకుడు కీర్ స్టార్మర్ ఆనాడే ప్రధాని అయ్యెను. ఫలితము చదువునప్పుడు అభ్యర్థులందరు ఒకే వేదికపై నిలుచుట ఆచారము. ప్రధానిగ నున్న సునాక్‌గారి స్థానమున తలపై చెత్తకుండీ బోర్లించుకొన్న వేషధారి యొకడును పోటీచేసి, ఆ వేదికపై వారి దరిదాపున నిలిచినాడు. దేశపు ప్రధానికి దానివలన పరువు తగ్గలేదు. ఓటరు ముందర అందరును సమానులని చూపుటకు ఇంతకంటె వేరొక దృష్టాంతము అక్కరలేదు.

ఇంతమాత్రముచేత వారిదంతయు బంగారమని భ్రమపడరాదు. కొన్నింటిలో మనమే ముందున్నాము. కూలివాడు, స్త్రీ, చదువురానివాడు అను భేదము లేక వయోజనులందరికి ఓటునిచ్చుటకు 1832 మొదలు 1928 వరకు వారికి పట్టెను. విశ్వవిద్యాలయ పట్టభద్రులకు, వ్యాపారస్థులకు రెండవ ఓటు నిచ్చు పద్ధతిని 1948 చట్టముతో గాని వారు మానలేదు. మనమో, 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే అందరికి ఒక్కటే ఓటు అంటిమి. మన ఎన్నికల సంఘము 1950 జనవరి 25న ఏర్పడెను. వారి ఎన్నికల సంఘమునకు 2000 నాటి చట్టము మూలము. తిరుపతి, చిత్తూరు లోకసభ స్థానములు రెండును షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినవి. అట్టి ఏర్పాటు వారికి లేదు. 2024లో వారి దేశమున నూటికి ఇంచుమించు 60 మంది ఓటు వేసిరి. అదే సంవత్సరము మే 13న మన రాష్ట్రమున నూటికి 80 మందికి పైగా వేసిరి. మండుటెండలో వరుస కట్టిన మన అవ్వలముందు ఆ దేశపు ఓటరు తలవంచవలసినదే.

ఓట్లకును స్థానములకును పొంతన లేకుండుట ఉభయులకును గల లోపము. వారి 2024 ఎన్నికలలో లేబరు పక్షమునకు నూటికి 34 ఓట్లతో 650లో 411 స్థానములు వచ్చెను. రిఫారం పక్షమునకు నూటికి 14 ఓట్లు వచ్చినను 5 స్థానములే దక్కెను. అంతకంటె తక్కువ ఓట్లు తెచ్చుకొన్న లిబరలు డెమోక్రాట్లకు 72 స్థానములు. మన రాష్ట్రమున 2019లో తెలుగుదేశమునకు నూటికి 39 ఓట్లు వచ్చినను 175లో 23 స్థానములే. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు అదే 39, స్థానములు 11. ఈ పద్ధతిని కొంత మార్పవలెనా యని 2011లో బ్రిటనులో ప్రజల నడుగగా వారు వలదనిరి. కావున ఓడినవానికి జనము లేరని ఏ ఊరిలోను ఎవరును విర్రవీగరాదు. వాని వెనుక పదిమందిలో నలుగురుందురు.

ఇక డబ్బు సంగతికి వత్తము. చట్టము మనకు లేదా? కలదు. శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోకసభ అభ్యర్థికి 95 లక్షలు మితి. శాసనసభ నియోజకవర్గమున సాధారణముగా రెండు లక్షలకు పైబడి ఓటర్లుందురు గనుక, ఒక్కొక్క ఓటరునకు 20 రూపాయలకు లోపు. బ్రిటనులో 2024లో ఒక అభ్యర్థికి మితి సుమారు 20 వేల పౌండ్ల లోపల. డెబ్బదివేల చిల్లర ఓటర్లకు పంచినచో తలకు పాతిక రూపాయలు, ముప్పది రూపాయలు పడును. అనగా కాగితముపై మన మితియే వారికంటె బిగువైనది! ఓటునకు డబ్బిచ్చుటయే గాక పుచ్చుకొనుటయు మన చట్టమున నేరమే. మరి భేదమెక్కడ?

మొదటి భేదము, పక్షములు చేయు ఖర్చునకు మన దేశమున మితి లేదు. వారికి 2000 నాటి చట్టముచే ఏర్పడెను. రెండవ భేదము, విచారణలోని వేగము. 2010 మే నెలలో ఓల్డుహాము ప్రాంతమున గెలిచిన సభ్యుడొకడు ప్రత్యర్థిపై అసత్యములు ప్రచురించెనని, అదే నవంబరులో ఎన్నికల న్యాయస్థానము అతని గెలుపును రద్దుచేసెను. లండనులోని టవర్ హామ్లెట్సున 2014లో జరిగిన మేయరు ఎన్నికలో లంచము, దొంగ ఓట్లు మొదలగు అక్రమములు రుజువై, 2015 ఏప్రిలులో ఆ ఎన్నిక రద్దయ్యెను. రోగము నేటికిని అక్కడక్కడ తలయెత్తుచునే యున్నదని దీనివలన తెలియుచున్నది. కాని ఆ వ్యాజ్యమును తెచ్చినవారు నలుగురు సామాన్య ఓటర్లు. పెద్ద నాయకులు కారు.

దొంగ ఓటు మనకును క్రొత్త కాదు. 2021 ఏప్రిలు 17న జరిగిన తిరుపతి లోకసభ ఉపఎన్నికలో పరాయి ఊళ్లవారు వచ్చి ఓట్లు వేసిరని పెద్ద వివాదము చెలరేగెను. ఓటరు కార్డుల అక్రమములపై విచారణ జరిగి అధికారులపై చర్య తీసికొనుటకు సంవత్సరములు పట్టెను. బ్రిటనులో పోలింగుకడ ఫోటోగల గుర్తింపుకార్డు చూపవలెనను నియమము 2023లో గాని అమలునకు రాలేదు. మనము ఏనాడో పెట్టుకొంటిమి. కాని కార్డు నడిగి, ముఖమును చూచి, “ఇతడు మా ఊరివాడు కాడు” అని చెప్పవలసినవాడు ఊరివాడే గదా.

మూడవ భేదమే ముఖ్యమైనది. అది సిగ్గు. శాండ్విచ్ ఊరిని శిక్షించిన పిదప డబ్బు తీసికొనుట అచ్చట ఊరికి తలవంపు అయ్యెను. మన పల్లెలలో అది ఇప్పుడు తలవంపు కాదు. రాకపోయిన యింటివారు “మాకేల ఇయ్యలేదు?” అని అడుగు స్థితి వచ్చినది. నేను గడపయెదుట నిలిచి ఏ సంగతి చెప్పబోయినను, “ఎంత యిచ్చెదరు?” అను ప్రశ్న ముందే వచ్చును. అట్టిచోట కార్యకర్త మాటకు విలువయేది? ఊరేగింపునకు వచ్చు కుర్రవాడు దినకూలియు, బిర్యాని పొట్లమును అడుగుచున్నాడు. వాడు కార్యకర్త కాడు, కూలివాడు. 1883కు ముందటి ఇంగ్లండు వీధులలో మనము నడుచుచున్నాము.

ఇందులో మన జనులకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. రహస్య ఓటు వచ్చిన తరువాత, డబ్బు తీసికొన్న ఆంగ్లేయుడు తన యిష్టము వచ్చినవానికి వేసి ఊరకుండెను. మన పల్లెవాడు అట్లు చేయలేడు. తీసికొన్నవానికి వేయకున్న ఉప్పుతిని ద్రోహము చేసినట్లు బాధపడును. దేవుని పటముపై చేయి వేయించి డబ్బు పంచువారును కలరు. కాణిపాకము వినాయకుని యెదుట అబద్ధప్రమాణము చేయ జంకు జనము మనది. ఆ మంచి గుణమునే వారు కొనుచున్నారు. ఓటు పెట్టె రహస్యమైనను మనస్సాక్షి తాకట్టు పడుచున్నది. అధర్మమునకు చేయించిన ప్రమాణము కట్టుబాటు కాదని చెప్పగలవారెవరు? అధికారి చెప్పినను వినరు. నేను చెప్పినను, “నీవు ఏదో పక్షమువాడవు” అందురు. ఊరి పెద్దలు చెప్పినచో విందురు.

కావున మీకు నా మనవి నాలుగు మాటలు. మొదటిది, ఎన్నికలు రాకముందే, ఏ పక్షపు పేరు నెత్తక, మా ఊరిలో ఎవరును పంచరాదు, ఎవరును పుచ్చుకొనరాదు అను కట్టుబాటును అన్ని వాడలవారును కూర్చుండి చేసికొనుడు. ఒక వాడను విడిచి చేసిన కట్టుబాటు నిలువదు. రెండవది, ఇంగ్లండులో చేయునట్లు, అభ్యర్థులందరిని ఒక్కదినమున ఒకే రచ్చబండకు పిలిచి, చెరువు, బడి, త్రాగునీరు, పాలధర, మామిడిధర ఏమి చేసెదరని అడుగుడు. ఒంటరిగా వచ్చినవాడు వరముల నిచ్చును. ఎదుటివాడు వినుచుండగా చెప్పినవాడు లెక్కతో చెప్పును. మూడవది, జాబితాలో చనిపోయినవారి పేర్లు, ఊరు విడిచినవారి పేర్లు ఉన్నవేమో ప్రతి సవరణయందును మీ కన్నులతో చూచుకొనుడు. నాలుగవది, ఓడినవాని మనుషులను ఊరిలో వెలివేసినట్లు చూడకుడు. ఓటమి శాశ్వతమైన పగగా మారినచోట ప్రతి ఎన్నికయు యుద్ధమగును, యుద్ధమునకు డబ్బు కావలసివచ్చును.

1892లో దాదాభాయి నౌరోజీగారు లండనులోని సెంట్రలు ఫిన్సుబరీనుండి బ్రిటిషు పార్లమెంటునకు ఎన్నికైరి. వారి ఆధిక్యము ఐదు ఓట్లకు మించలేదు. ఆ ఐదుగురు ఎవరో లోకమునకు తెలియదు. వారి యిండ్ల తలుపులు తట్టిన కార్యకర్త పేరును తెలియదు. భారతదేశపు బీదతనమును బ్రిటిషు సభలో నిలిచి చెప్పుటకు ఒక గొంతు లభించినది ఆ ఐదు కాగితములవలన. మన ఊరి ఓటు అంతకంటె చిన్నదని తలచి అమ్ముకొనుట తగదు. వెల లేదని కాదు, దాని వెలను ఇయ్యగలవాడు ఎవడును లేడు గనుక.